లైసెన్సు ఇచ్చేయాలా, కంపెనీతో కలిసి నడవాలా?

విశ్వవిద్యాలయ ల్యాబ్‌లో ఆవిష్కరణ పనిచేసింది, పేటెంటుకు దరఖాస్తు పెట్టారు. తర్వాత దారేదన్నదే ప్రొఫెసర్ల తలనొప్పి. డబ్బు తీసుకుని వాడుకునే హక్కును కంపెనీకి ఇవ్వడం లైసెన్సు, కంపెనీతో కలిసి దాన్ని అభివృద్ధి చేయడం భాగస్వామ్యం.

ఖర్చు
లైసెన్సు: విశ్వవిద్యాలయానికి ప్రధానంగా పేటెంటు ఖర్చే.
భాగస్వామ్యం: ఏళ్ల తరబడి మనుషుల్ని, పరికరాల్ని కేటాయించాలి.

శ్రమ
లైసెన్సు: ఒప్పందం పక్కాగా రాసుకుంటే మిగతా బరువు కంపెనీదే.
భాగస్వామ్యం: ప్రొఫెసరు చివరిదాకా ఉండాల్సిందే.

రిస్కు
లైసెన్సు: గడువులు పెట్టకుండా హక్కులన్నీ ఒక్కరికే ఇస్తే, ఆ టెక్నాలజీ అటకెక్కవచ్చు. నన్ను ఎక్కువగా భయపెట్టేది ఇదే. ఫలానా తేదీకి ఫలానా పని జరగకపోతే హక్కులు వెనక్కి రావాలని తప్పక రాయించుకోండి.
భాగస్వామ్యం: కొత్తగా పుట్టే పేటెంట్లు ఎవరివన్న తగవు. పరిశోధక విద్యార్థుల పేపర్లు ఆగిపోయే ప్రమాదం కూడా.

ఒక జీవి జన్యువును మరో జీవిలో చేర్చే కోహెన్-బోయర్ పద్ధతిని అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఏ ఒక్కరికే గుత్తకివ్వలేదు. 468 కంపెనీలు లైసెన్సు తీసుకున్నాయి, సుమారు 25.5 కోట్ల డాలర్లు వచ్చాయి. అది ఎవరైనా తమ ల్యాబ్‌లో వెంటనే వాడుకోగల పనిముట్టు.

రోటావాక్ కథ వేరు. పసివాళ్లకు విరేచనాలు తెచ్చే రోటావైరస్‌కు టీకా అది. ఢిల్లీ ఎయిమ్స్‌లో 1980లలో నవజాత శిశువుల్లో దొరికిన వైరస్ రకమే దానికి మూలం. హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్, కేంద్ర బయోటెక్నాలజీ విభాగం, విదేశీ సంస్థలు కలిసి పనిచేశాయి. దాదాపు 6,800 మంది పసివాళ్లపై పరీక్షించాక, 2015లో టీకా విడుదలైంది. ఒక్క సంతకంతో అయ్యే పని కాదది!

పద్ధతి సిద్ధంగా ఉండి, చాలామందికి పనికొచ్చేదైతే లైసెన్సు ఇవ్వండి. ఇంకా పరీక్షలు, తయారీ విధానం తేలాల్సి ఉంటే భాగస్వామిని వెతకండి.