పక్షుల ఫొటోలకు పులికాట్ రోడ్డా, నేలపట్టు చెరువా?

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచే సాగుతుంది. చలికాలంలో ఫ్లెమింగోలు కావాలంటే అక్కడికే వెళ్లాలి. కానీ అవి దూరంగా నిలబడతాయి. 600 ఎంఎం లెన్స్ ఉన్నా, ఎండెక్కితే నీటి మీద గాలి వణికి గులాబీ రంగు మరకలే మిగులుతాయి. పొద్దున్నే రోడ్డుకు ఉత్తరం వైపు పక్షులను చూసుకోండి, వెలుగు మన వీపు మీద ఉంటుంది. షార్ (శ్రీహరికోటలోని ఇస్రో రాకెట్ కేంద్రం) గేటు దగ్గరపడితే మాత్రం కెమెరా సంచిలోకి పోవాలి!

సూళ్లూరుపేటకు దగ్గర్లోని నేలపట్టు పక్షుల కేంద్రంలో ఆ తిప్పలు లేవు. చెరువు నీళ్లలో నిలబడ్డ ‘కడప’ అనే చెట్ల మీద గూడబాతుల (పెలికాన్ల) గూళ్లు. తల్లి గొంతు సంచిలోకి పిల్ల తల దూర్చడం 400 ఎంఎంకే నిండుగా వస్తుంది. మొదటిసారైతే నా ఓటు నేలపట్టుకే.