మద్రాసు దీపం వెంట మూడు రోజులు

మద్రాసు తీరంలో ఓడలకు దారి చూపే దీపం ఇప్పటికి మూడుసార్లు ఇల్లు మారింది. ఆ నాలుగు చోట్లూ చూడాలని నాకు ఎప్పటి నుంచో కోరిక. మొన్న డిసెంబరులో అమ్మనీ, మా అబ్బాయినీ తీసుకుని విజయవాడలో పినాకిని ఎక్కాను.

మొదటి దీపం 1796లో సెయింట్ జార్జ్ కోటలో, ఇప్పుడు ఫోర్ట్ మ్యూజియం ఉన్న మేడ మీద వెలిగింది. నూనె, వత్తి, అంతే. మ్యూజియానికి శుక్రవారం సెలవు, చూసుకుని వెళ్ళండి. 1844లో దీపం ఇప్పటి హైకోర్టు ఆవరణలోని రాతి స్తంభం మీదికి, 1894లో హైకోర్టు గుమ్మటం మీదికి చేరింది. ఆ రెండూ రోడ్డు మీద నుంచే చూశాం. కోర్టు నెత్తిన దీపమేంటని మావాడు అడిగాడు. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి దీపం ఎంత ఎత్తున ఉంటే అంత దూరం కనిపిస్తుంది. క్రీ.పూ. 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియా దగ్గర ఫారోస్ ద్వీపం మీద సుమారు వంద మీటర్ల గోపురం లేపిందీ అందుకే.

బస విషయంలో మాత్రం దెబ్బతిన్నాం. ట్రిప్లికేన్‌లో ఒక లాడ్జివాళ్ళు ఫోన్‌లో గీజర్ ఉందన్నారు. తీరా చూస్తే వేడినీళ్ళకు 8 దాకా ఆగమన్నారు. అమ్మకు తెల్లవారకముందే స్నానం అలవాటు. మర్నాడే మైలాపూర్‌కి మారిపోయాం. అద్దె కాస్త ఎక్కువైనా పెద్దవాళ్ళతో వెళ్తే అటే మేలు. మెరీనా లైట్‌హౌస్‌కి ఆటోలో ఎంతోసేపు పట్టదు.

1977 నాటి ఈ లైట్‌హౌస్‌లో లిఫ్ట్ ఉంది. మోకాళ్ళ నొప్పులున్న అమ్మ తొమ్మిదో అంతస్తు దాకా హాయిగా వచ్చి, రెయిలింగ్ పట్టుకుని చాలాసేపు సముద్రాన్నే చూసింది. సోమవారం మూసేస్తారు, మధ్యాహ్నం విరామం కూడా ఉంటుంది.

అయినా నా మనసు మహాబలిపురంలోనే ఉండిపోయింది. కొండరాయి మీద ఓలక్కణ్ణేశ్వర ఆలయం ఉంది. 8వ శతాబ్దపు పల్లవుల గుడి, శిఖరం మిగల్లేదు. ఆ చదును కప్పు మీదే 19వ శతాబ్దంలో ఓడల కోసం దీపం పెట్టేవారు. కింద గుహలో ఒక గోడకు శేషశాయి, ఎదుటి గోడకు మహిషుడి మీదికి దూకుతున్న దుర్గ. పక్కనే నూరేళ్ళు దాటిన రాతి లైట్‌హౌస్. భద్రత పేరుతో ఏళ్ళ తరబడి మూసి, 2011లో మళ్ళీ తెరిచారు.

"మీరెక్కి రండిరా, నేనిక్కడే కూర్చుంటా" అని అమ్మ గుడి నీడన ఆగిపోయింది. లోపల మెట్లు మెలికలు తిరుగుతూ ఇరుకవుతాయి, పైనుంచి దిగేవాళ్ళుంటే గోడకు అతుక్కోవాలి. పైకి రాగానే గాలి చొక్కాను లాగేసింది. కింద గుడి కప్పు, దాని పక్కన అమ్మ ఆకుపచ్చ చీర. వెయ్యేళ్ళ పైచిలుకు నాటి గుడి, దాని పనిని అందుకున్న గోపురం, రెండూ ఒకే చూపులో ఇమిడాయి. ఇక్కడికి ఉదయాన్నే రండి. ఎండెక్కితే రాయి మీద కాలు పెట్టలేం.

ఆ రాత్రి మద్రాసు తిరిగొచ్చి మెరీనా ఇసుకలో కూర్చున్నాం. ప్రతి లైట్‌హౌస్‌కీ తనదైన మెరుపుల లెక్క ఉంటుంది, దాన్ని బట్టే నావికుడు తీరాన్ని గుర్తుపడతాడని మావాడికి చెప్పాను. జీపీఎస్ వచ్చినా ఆ లెక్క మారలేదు. వాడు అమ్మమ్మ వేళ్ళు పట్టుకుని లెక్కపెట్టాడు: రెండు మెరుపులు, కాస్త చీకటి, మళ్ళీ రెండు.