వాటర్ బ్యాంక్‌లో నీళ్లు లీజుకిచ్చాం: మా అనుభవం

ఈ ఏడాది పశువుల మేత వేసే ఒక చెక్కను బీడుగా వదిలి, దాని సాగునీటి హక్కును వాటర్ బ్యాంక్ (వాడని నీటి హక్కులు తీసుకుని, నీళ్లు కావాల్సినవాళ్లకు అద్దెకిచ్చే ఏర్పాటు) ద్వారా లీజుకిచ్చాం. హక్కు అమ్ముకోవడం కాదిది, గడువు అయ్యాక మళ్లీ మనదే. నాకు బాగా నచ్చింది అదే. అమెరికాలో ఐడాహో రాష్ట్రం 1979లోనే దీనికి చట్టం చేసింది. అక్కడ ఐదేళ్లు వాడకపోతే పోయే హక్కు కూడా బ్యాంకులో ఉన్నంతకాలం భద్రం.

లెక్క దగ్గర మాత్రం బ్యాంక్ వాళ్లు గట్టిగా ఉంటారు. కాలువలో మన వాటా అంతా లీజుకివ్వలేం, పైరు నిజంగా తాగే నీటికే లెక్క. పొలంలోంచి తిరిగి వాగులో కలిసే నీళ్ల మీద కింది రైతులు ఆధారపడతారు కాబట్టి ఇది న్యాయమే అనిపించింది. ఏ మడికి నీళ్లు ఆపుతున్నామో మ్యాప్‌లో గీసిచ్చాం. వాళ్లొచ్చి చూసుకుని, తూముకు తాళం వేసి వెళ్లారు.

ఇబ్బందల్లా ఆలస్యమే. ఆమోదం వచ్చేసరికి విత్తే అదను దగ్గరపడి ఒకటే టెన్షన్. పైగా లీజుకు పెట్టినంత మాత్రాన డబ్బు రాదు, అద్దెకు తీసుకునేవాళ్లు దొరకాలి. బీడులో కలుపు తీయించే ఖర్చూ మనదే. పెట్టాలనుకునేవాళ్లు దరఖాస్తు చలికాలంలోనే ఇచ్చేయండి.