మ్యూజియం ఉచితం, పార్కింగ్ 44 డాలర్లు

ఫిలడెల్ఫియా ఓల్డ్ సిటీలోకి కారులో వెళ్లకండి. బోర్డు మీద 18 డాలర్లని పెద్ద అక్షరాలతో ఉంటే నమ్మి ఒక గ్యారేజీలో పెట్టాం. సాయంత్రం 44 కట్టించుకున్నారు. 18 అనేది పనిదినాల్లో, అదీ పొద్దున్నే వచ్చేవాళ్లకేనట. ఆ ముక్క బోర్డు అడుగున చీమ తలకాయంత ఉంది. మావారు అడిగితే కౌంటర్లో అతను ఫోన్లోంచి తలెత్తకుండా బోర్డు వైపు వేలు చూపించాడు. సౌత్ జెర్సీ నుంచి వచ్చేవాళ్లు కారు స్టేషన్లో వదిలి ప్యాట్కో రైలెక్కండి. ఎయిత్ అండ్ మార్కెట్‌లో దిగితే పది నిమిషాల నడక.

మేం వెళ్లింది 315 చెస్ట్‌నట్ స్ట్రీట్‌లో ఉన్న సైన్స్ హిస్టరీ ఇన్‌స్టిట్యూట్‌కి. అసలు టికెట్టే లేదు. ఆ శనివారం పిల్లలకి తిండి వెనకున్న సైన్స్ చరిత్ర చెప్పే సందడి పెట్టారు.

మా అత్తయ్యగారు భీమవరం నుంచి వచ్చి మూడు వారాలైంది. చలికి ఇల్లు కదలలేక ముభావంగా ఉంటున్నారు. అక్కడ ఒక బల్ల దగ్గర సీసాలో మీగడ పోసి పిల్లల చేత ఊపిస్తున్నారు. కొవ్వు బొట్ల మీది పొర చిరిగి అవి ఒకదానికొకటి అంటుకుంటే వెన్న అవుతుందని చెప్తున్నారు. మా పాప సీసా ఎంత ఊపినా వెన్న పడలేదు. అత్తయ్యగారు సీసా పట్టుకుని చూసి, "వేడెక్కిపోయిందమ్మా, చన్నీళ్లలో పెట్టు" అన్నారు. పాప ఇంగ్లీషులో చెప్పింది. ఐసు తెచ్చారు, వెన్న తేలింది. ఇక పిల్లలంతా ఆవిడ చుట్టూ చేరారు. ఆవిడ ముఖంలో ఆ వెలుగు చూసి ఎన్నాళ్లయిందో.

ఇంకోచోట సీరియల్ నలిపి నీళ్లలో కలిపి, బలమైన అయస్కాంతంతో అందులోని ఇనుప రజను లాగి చూపించారు. 1902లో హార్వే వైలీ అనే కెమిస్టు, నిల్వకి వాడే రసాయనాల సంగతి తేల్చడానికి పన్నెండు మంది కుర్రాళ్లకి వెలిగారం (బోరాక్స్) కలిపిన భోజనం పెట్టాడని విన్నాక పాప చాలాసేపు మాట్లాడలేదు. 1906లో వచ్చిన ఆహార కల్తీ చట్టం వెనక ఆయన పోరాటం ఉంది.

బయట బెంచీ మీద ఇంటి పులిహోర తింటూ పాపకి శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి చెప్పాను. పుట్టింది 1895లో, నానమ్మ ఊరు భీమవరంలోనే. న్యూయార్క్ దగ్గర లెడర్లీ ల్యాబ్‌లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్ అనే బి విటమిన్ తయారుచేసింది. 1998 నుంచి అమెరికాలో ఎన్‌రిచ్డ్ పిండిలో (పోషకాలు కలిపి అమ్మే పిండి) దాన్ని కలపడం తప్పనిసరి. ఈ దేశంలో పెరిగే మన పిల్లలకి ఆ పేరు తెలియాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

లిబర్టీ బెల్ కూడా చూశాం. అదీ ఉచితమే.

ఇంటికొచ్చాక పాప రొట్టె ప్యాకెట్ తిప్పి ఫోలిక్ యాసిడ్ ఎక్కడుందో వెతికింది. దొరకగానే నానమ్మ దగ్గరికి పరిగెత్తింది.