గ్లకోమాకి రోజూ చుక్కలా, ముందే లేజరా: ఏది మేలు?

గ్లకోమా (సాధారణంగా కంటి లోపలి ప్రెషర్ వల్ల చూపు నరం దెబ్బతినే జబ్బు) అని తేలగానే ఎక్కువమంది అడిగేది ఏ మందు బాగా పనిచేస్తుందని. నేనైతే ఇంకోటి కూడా అడగమంటాను: చుక్కలు, లేజర్ ఈ రెంటిలో ఏళ్ల తరబడి మానకుండా నేను చేయగలిగేది ఏది? ఎందుకంటే మామూలుగా కనిపించే ఓపెన్ యాంగిల్ గ్లకోమాలో (కంట్లోని నీరు బయటికి పోయే కోణం తెరిచే ఉన్న రకం) నొప్పి ఉండదు, చూపు ముందు పక్కల నుంచి తగ్గుతుంది కాబట్టి చాలాకాలం తెలియను కూడా తెలియదు, చుక్కలు వేసుకున్నందుకు చూపేమీ మెరుగుపడదు, పైగా కళ్లు ఎర్రబడి మండొచ్చు. వేసుకుంటే ఇబ్బంది, మానేస్తే హాయి. మానేసేవాళ్లని బద్ధకస్తులని తిట్టి లాభం లేదు.

చుక్కల సంగతి చూద్దాం. లాటనోప్రోస్ట్ లాంటివి రాత్రిపూట ఒక్కసారి వేసుకుంటే చాలు, కంటి ప్రెషర్‌ని బాగానే తగ్గిస్తాయి. కనురెప్పల చుట్టూ చర్మం నల్లబడటం, వెంట్రుకలు ఒత్తుగా పెరగడం వీటితో వచ్చే చిక్కులు. టిమోలాల్ అయితే సాధారణంగా రోజుకి రెండుసార్లు, ఆస్తమా ఉన్నవాళ్లకి పనికిరాదు. అది చాలక రెండో మందు, మూడో మందు చేరితే ఒక్కో చుక్కకీ మధ్య ఐదు నిమిషాలు ఆగాలి, అక్కడే చాలామంది చేతులెత్తేస్తారు. రెండు మందులు తప్పనప్పుడు రెండూ కలిసిన ఒకే సీసా ఉందా అని డాక్టర్ని అడగండి. రెండు సీసాల కంటే అదే నయం.

అసలు ప్రమాదం ఇంకోచోట ఉంది. 1986లో వచ్చిన ఒక అధ్యయనంలో పైలోకార్పిన్ అనే గ్లకోమా చుక్కల సీసాలకి ఎలక్ట్రానిక్ పరికరం అమర్చి చూశారు. రోగులు నూటికి 97 సార్లు వేసుకున్నామన్నారు, పరికరం లెక్కలో తేలింది 76. చెకప్ దగ్గరపడితే మాత్రం దాదాపు అందరూ బుద్ధిగా వేసుకున్నారు! దాంతో క్లినిక్‌లో ప్రెషర్ బాగానే కనిపిస్తుంది, చుట్టూ చూపు ఎంతమేర ఉందో చూసే ఫీల్డ్ టెస్ట్‌లో మాత్రం నష్టం పెరుగుతూ ఉంటుంది, మందు చాలట్లేదేమో అని డాక్టర్ ఇంకో మందు కలపొచ్చు, ఆపరేషన్ గురించి కూడా ఆలోచించొచ్చు. పాపం ఆ మందు తప్పేం లేదు.

ఇక ఎస్‌ఎల్‌టీ లేజర్, అంటే కంట్లోని నీరు బయటికి పోయే జల్లెడ లాంటి భాగం మీద లేజర్ కాంతి వేసి ప్రెషర్ తగ్గించడం. కన్ను మొద్దుబారే చుక్కలు వేసి కొన్ని నిమిషాల్లో చేసేస్తారు, అదే రోజు ఇంటికి వెళ్లిపోవచ్చు. చుక్కలనీ లేజర్‌నీ పోల్చి చూస్తూ బ్రిటన్‌లో జరిగిన లైట్ అనే ట్రయల్ ఫలితాలు 2019లో వచ్చాయి: ముందుగా లేజర్ చేయించుకున్నవాళ్లలో 74 శాతం మందికి మూడేళ్ల తర్వాత కూడా చుక్కల అవసరం లేకుండానే ప్రెషర్ అదుపులో ఉంది. 2022లో అక్కడి నైస్ అనే ప్రభుత్వ వైద్య సలహా సంస్థ మార్గదర్శకాలు కూడా కొత్తగా బయటపడిన ఓపెన్ యాంగిల్ గ్లకోమాకి ముందు లేజర్నే సూచించాయి. కోణం మూసుకుపోయే రకం గ్లకోమాకి ఇది కాదు, దాని దారి వేరు.

కానీ లేజర్ ప్రభావం ఎప్పటికీ ఉండదు. కొన్నేళ్లకి మెల్లగా తగ్గుతుంది, అవసరమైతే మళ్లీ చేస్తారు. సీసా ఖాళీ అయితే కనీసం మందు అయిపోయిందని తెలుస్తుంది, లేజర్ పని అయిపోతే మనకి ఏమీ తెలియదు. కాబట్టి జబ్బు పోయిందనుకుని చెకప్‌లు మానేసే మనిషికి చుక్కల కంటే లేజరే ఎక్కువ ప్రమాదం.

నన్నడిగితే ఓపెన్ యాంగిల్ గ్లకోమా ఇప్పుడే తేలినవాళ్లు, చెకప్‌లకి మాత్రం తప్పకుండా వెళ్లేవాళ్లయితే, లేజర్ గురించే ముందు అడగాలి. చేతులు వణికేవాళ్లు, కీళ్లనొప్పులతో సీసా నొక్కలేనివాళ్లు, మతిమరుపు ఉన్నవాళ్లు మరీను. రాత్రి ఒక్క చుక్క పడుకునే ముందు అలవాటుగా వేసుకోగలిగి, కళ్లకి పడుతుంటే, దాన్ని మార్చాల్సిన పనేం లేదు. వేశాక కళ్లు మూసుకుని ముక్కు పక్కనున్న మూలని ఓ రెండు నిమిషాలు వేలితో నొక్కి ఉంచితే మందు ఒంట్లోకి వెళ్లిపోవడం తగ్గుతుంది. రెండు చుక్కలు వేసినా లాభం లేదు, కంట్లో ఒక్క చుక్కకే చోటు చాలదు.

ఆపరేషన్ సాధారణంగా ఈ రెండూ చాలనప్పుడు, లేదా జబ్బు బాగా ముదిరాక బయటపడినప్పుడు. దాని తర్వాత కూడా చెకప్‌లు తప్పవు.

చుక్కలు వాడుతున్నవాళ్లయితే, ఈసారి చెకప్‌కి వెళ్లినప్పుడు ప్రెషర్ చూడకముందే చెప్పేయండి, పోయిన వారంలో ఎన్నిసార్లు చుక్కలు మానేశారో.