3,800 గదికి 5,136 బిల్లు: పని వెంటబెట్టుకుని అరకు, పాడేరు

రాత్రికి 3,800 అని మాట్లాడి, తెల్లారేసరికి 5,136 రూపాయల బిల్లు చేతిలో పెట్టిన అరకు రిసార్టు గురించి చెప్పాలనే ఇది రాస్తున్నాను. ల్యాప్‌టాప్ పట్టుకుని కొండల మీదికి వెళ్లి పని చేసుకుందామనుకునేవాళ్లు, ముఖ్యంగా మా వయసువాళ్లు, గది బుక్ చేసే ముందు చదవండి.

మాది విశాఖపట్నం, మర్రిపాలెం. నాకు 61 ఏళ్లు. ఒక కంపెనీలో అకౌంట్స్ చూసి రిటైరయ్యాను. ఇప్పుడు పూర్ణా మార్కెట్, కురుపాం మార్కెట్ వైపు చిన్న షాపులవాళ్లకి జీఎస్టీ రిటర్నులు వేస్తుంటాను. మావారు ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. అరకు ఘాట్‌లో ఏళ్ల తరబడి బస్సు నడిపారు గానీ, అక్కడ ఒక్క రాత్రి తీరిగ్గా పడుకున్నది లేదు. ఆ కోరిక ఆయనకి ఎప్పట్నుంచో ఉంది. "ఈ వయసులో ఇంకెందుకమ్మా, ఆ పని మానేసి నాన్నతో తిరుగు" అని పిల్లలంటారు. నాకు మానాలని లేదు. ఆ పని నాకిష్టం, నా చేతికి నా డబ్బు రావడం ఇష్టం. అందుకని పనిని కూడా కారులో ఎక్కించుకునే బయల్దేరాం.

జీఎస్టీ పనికి నెలలో తేదీలు గట్టివి. 11న అమ్మకాల వివరాలు, 20న పన్ను కట్టే 3బీ అనే రిటర్ను, మూడు నెలలకోసారి వేసేవాళ్లకి మన రాష్ట్రంలో 22. 3బీ ఒక్క రోజు ఆలస్యమైనా 50 రూపాయలు లేటు ఫీజు, కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం లెక్కన వడ్డీ. ఆ డబ్బు నా జేబులోంచి కాదు, నన్ను నమ్మి బిల్లులిచ్చిన షాపాయన జేబులోంచి పోతుంది. అదే నా టెన్షన్. ఈసారి డిసెంబరు 20 శనివారం పడింది. ముందే చాలామటుకు పూర్తి చేశాను గానీ, హార్డ్‌వేర్ షాపాయన కొనుగోలు బిల్లులు ఎప్పుడూ 19 రాత్రికే పంపుతారు. ఇంకో రెండు మూడు షాపులదీ అదే తంతు. పైగా రిటర్ను వేసేటప్పుడు ఓటీపీ వాళ్ల ఫోనుకి వెళ్తుంది. నేను ఫోన్ చెయ్యాలి, వాళ్లు చూసి చెప్పాలి. అంటే నాకు నెట్టూ కావాలి, ఫోన్ సిగ్నలూ కావాలి, కరెంటూ కావాలి.

ఇవన్నీ ఉన్నాయనే ఆ రిసార్టు తీసుకున్నాం. ప్రకటనలో "వర్క్ ఫ్రమ్ హిల్స్" అని పెద్దక్షరాలు, పక్కనే హైస్పీడ్ వైఫై, 24 గంటల పవర్ బ్యాకప్, ప్రతి గదిలో వర్క్ టేబుల్ అని ఉంది. ఫోన్ చేసి ఒక్కొక్కటీ విడివిడిగా అడిగాను. "అన్నీ ఉన్నాయి మేడమ్, మీరు రండి" అన్నారు. 2,000 అడ్వాన్సు ఫోన్‌పేలో పంపాను.

19 పొద్దున్న బయల్దేరి పెందుర్తి, కొత్తవలస మీదుగా ఎస్.కోట చేరేదాకా చెప్పుకోవడానికేమీ లేదు. ఎస్.కోటలో ఇద్దరికీ టిఫిన్, కాఫీ కలిపి 130. అక్కడ దాటాక ఘాట్ మొదలవుతుంది. కొత్తగా కారు నడిపేవాళ్లకి మావారి మాట ఒకటి చెప్తాను: ఏ గేర్‌లో ఎక్కావో ఆ గేర్‌లోనే దిగాలి. దిగేటప్పుడు న్యూట్రల్ చేసి బ్రేకు మీద కాలేసి ఉంచేవాళ్లని చూస్తే ఆయనకి ప్రాణం విలవిల్లాడిపోతుంది. బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి. ఆ మధ్యలో ఫోన్ సిగ్నల్ పోతూ వస్తూ ఉంటుంది కాబట్టి, ఎవరికైనా ఫోన్ చెయ్యాలంటే ఎస్.కోటలోనే చేసేసుకోండి. బొర్రా గుహలకి మేం ఆగలేదు. మెట్లు ఎక్కువ, నా మోకాళ్లకి అది పని కాదు. అనంతగిరి దగ్గర కాఫీ తోటల పక్కన ఆగి కాఫీ తాగాం. బాగుంది.

గది చూడగానే నా గుండె జారిపోయింది. టేబుల్ అని చెప్పింది మోకాలెత్తు టీపాయ్. కుర్చీ లేదు, మంచం అంచున కూర్చుని వంగాలి. అరగంటకే నడుం పట్టేసింది. వైఫై గురించి అడిగితే "రూముల దాకా రాదమ్మా, రిసెప్షన్లో కూర్చోండి" అన్నారు. కూర్చున్నాను. తొమ్మిదింటికి రిసెప్షన్‌కి తాళం వేసేశారు. దానికన్నా ముందు, ఏడున్నరకే కరెంటు పోయింది. పవర్ బ్యాకప్ అంటే ఇన్వర్టరు మీద వెలిగే ఒక బల్బు. ప్లగ్గులు పనిచెయ్యవు. ల్యాప్‌టాప్‌లో చార్జింగ్ 40 శాతం ఉంది. అప్పుడే హార్డ్‌వేర్ షాపాయన బిల్లులు వాట్సాప్‌లో రావడం మొదలైంది. ఫోటోలు సగం వచ్చి ఆగిపోతున్నాయి.

మావారు సాయంత్రం నుంచీ మౌనంగా ఉన్నారు. తీరిగ్గా గడుపుదామని వస్తే ఇదేమిటని ఆయన బాధ, నాకు తెలుసు. ఏమీ అనలేదు. స్వెట్టరు వేసుకుని బయటికెళ్లి కారుని గది గుమ్మం ముందుకి తెచ్చి పెట్టారు. నేను ముందు సీట్లో దుప్పటి కప్పుకుని కూర్చుని కారు చార్జర్‌కి ల్యాప్‌టాప్ పెట్టి పని చేశాను. బ్యాటరీ దిగిపోకుండా ఆయన మధ్య మధ్యలో ఇంజన్ ఆన్ చేసేవారు. అద్దాల మీద మంచు పట్టేసి బయట ఏమీ కనపడలేదు. వేళ్లు కొంకర్లు పోయి తప్పు అంకెలు పడుతుంటే ఒక్కో బిల్లూ రెండుసార్లు చూసుకున్నాను. ఆ కారు చార్జరు 1,450 పెట్టి జగదాంబ దగ్గర కొన్నది. ప్రయాణంలో పని చేసేవాళ్లు ముందు కొనాల్సింది అదే.

ఇక పొద్దున్న బిల్లు. తెల్ల కాగితం మీద ఇలా రాసి ఉంది: గది 3,800, జీఎస్టీ 12 శాతం 456, సర్వీస్ చార్జి 10 శాతం 380, రూమ్ హీటరు 500. మొత్తం 5,136.

నేను రోజూ చూసే లెక్క ఇది. రోజుకి 7,500 లోపు అద్దె ఉన్న గదుల మీద పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 12 కాదు, 5 శాతం. అంటే 456 బదులు 190 వెయ్యాలి. అది చెప్తే కౌంటర్లో ఉన్న అబ్బాయి "మా సిస్టమ్‌లో అలాగే ఉంది" అన్నాడు. సిస్టమ్ ఎక్కడుంది, చేత్తో రాసిన కాగితం కదా. బిల్లు మీద జీఎస్టీ నంబరే లేదు. నంబరు రాయమన్నాను. లోపలికెళ్లి ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడొచ్చి 37తో మొదలయ్యే నంబరు రాసిచ్చాడు. మన రాష్ట్రం నంబర్లన్నీ 37తోనే మొదలవుతాయి, అంతవరకు సరే. బయట సిగ్నల్ దొరికిన చోట నిలబడి జీఎస్టీ పోర్టల్‌లో ఆ నంబరు కొట్టాను. రిజిస్ట్రేషన్ రద్దయిపోయింది అని చూపించింది.

ఈ వెతుకులాట ఎవరైనా చెయ్యొచ్చు, లాగిన్ అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. సెర్చ్ ట్యాక్స్‌పేయర్ అని ఉంటుంది, అందులో బిల్లు మీది నంబరు కొడితే పేరు, ప్రస్తుతం చెల్లుబాటులో ఉందా లేదా వచ్చేస్తాయి. రిజిస్ట్రేషన్ రద్దయినవాళ్లు మన దగ్గర పన్ను పేరుతో రూపాయి కూడా తీసుకోకూడదు. కాంపోజిషన్ పథకంలో, అంటే అమ్మకాల మీద నిర్ణీత శాతం పన్ను తామే కట్టే చిన్న వ్యాపారుల పద్ధతిలో ఉన్నవాళ్లూ తీసుకోకూడదు. అలా తీసుకున్న డబ్బు ప్రభుత్వానికి వెళ్తుందన్న నమ్మకం ఏముంది? సర్వీస్ చార్జి సంగతీ అంతే. హోటళ్లు దాన్ని తమంతట తాము బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2022 జూలైలోనే చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా దాన్ని సమర్థించింది. ఇష్టముంటే ఇస్తాం, లేకపోతే లేదు.

ఫోన్‌లో ఆ పేజీ చూపించేసరికి పన్ను, సర్వీస్ చార్జి కొట్టేశారు. హీటరు 500 మాత్రం ఇచ్చి తీరాలన్నారు. అప్పటిదాకా పక్కన నిలబడ్డ మావారు నోరు విప్పి, "రాత్రంతా కరెంటు లేదు కదా బాబూ, హీటరు దేంతో వెలిగింది?" అని అడిగారు. అదీ కొట్టేశారు. అడ్వాన్సు పోను 1,800 ఇచ్చి బయటపడ్డాం. మాకు ముందున్న కుటుంబం మాత్రం అడక్కుండా మొత్తం కట్టేసి వెళ్లిపోయింది. నాకు ఇప్పటికీ కడుపు మండేది దానికే.

20 పొద్దున్న, రిటర్నులు ఇంకా వెయ్యలేదు. అరకు ఊళ్లోకి వచ్చి తెరిచి ఉన్న ఒక జిరాక్స్ షాపు ముందు ఆగాం. పాతికేళ్ల కుర్రాడు నడుపుతున్నాడు. సంగతి చెప్తే తన కుర్చీ లేచి ఇచ్చేశాడు. "కూర్చోండమ్మా, కంగారు పడకండి. కరెంటు పోయినా బ్యాటరీ ఉంది, నాలుగు గంటలు వస్తాది" అన్నాడు. అతను నిలబడే ఆధార్ కార్డులు జిరాక్స్ తీస్తూ, లామినేషన్ చేస్తూ ఉన్నాడు. ఆ మెషిన్ పక్కనే కూర్చున్నానేమో, వెచ్చగా ఉంది. ఆఖరి తేదీ కాబట్టి పోర్టల్ నత్తలా నడిచింది, అయినా మధ్యాహ్నంలోపు అన్నీ వెళ్లాయి. ఒక్కో ఓటీపీకి నేను ఫోన్‌లో గట్టిగా అరుస్తుంటే, జిరాక్స్ కోసం వచ్చిన ఆడవాళ్లు కూడా ఏమైందోనని కంగారుగా చూశారు. చివరి రిటర్ను పడ్డాక "అయిపోయిందేటమ్మా?" అని ఒకావిడ అడిగింది. ఎంతివ్వాలంటే 80 అన్నాడు. 200 ఇస్తే 120 లెక్కపెట్టి తిరిగిచ్చేశాడు. ఎంత బతిమాలినా ఉంచుకోలేదు. మావారు ఆ అబ్బాయితో గంటసేపు రోడ్ల గురించి, పాత బస్సుల గురించి మాట్లాడుతూ టీ మీద టీ తెప్పించారు. ముందురోజు నుంచి ముడుచుకున్న ఆయన మొహం అక్కడే విచ్చుకుంది.

తర్వాత గిరిజన మ్యూజియం, కాఫీ మ్యూజియం చూశాం. శనివారం జనం విపరీతం. రోడ్డు పక్కన అరకిలో బొంగులో చికెన్ 300, మసాలా తక్కువ, ముక్క మెత్తగా ఉడికింది. వెదురు మన ఎదుటే నిప్పుల్లోంచి తీసి చీల్చేచోటే తినండి, ముందే తీసి పళ్లెంలో పెట్టి ఉంచింది వద్దు.

సాయంత్రానికి పాడేరు చేరాం. 2022లో కొత్త జిల్లా వచ్చాక ఇది అల్లూరి సీతారామరాజు జిల్లా కేంద్రం. ఆఫీసుల పని మీద వచ్చేవాళ్ల కోసం కట్టిన మామూలు లాడ్జిలో దిగాం. కిటికీ లోంచి చూస్తే ఎదుటి గోడ తప్ప ఏమీ కనపడదు. కానీ గదిలో నిజమైన టేబుల్, చెయ్యానించుకునే కుర్చీ, మంచం పక్కన పనిచేసే ప్లగ్గు, గ్రౌండ్ ఫ్లోర్, వేణ్నీళ్లు. అద్దె 1,200, పన్ను 60, మొత్తం 1,260కి నంబరుతో ప్రింటు బిల్లు. పని చేసుకోవాల్సినవాళ్లకి నా సలహా ఒకటే: పని ఉన్న రాత్రి ఇలాంటి ఊరి మధ్య లాడ్జిలో దిగండి, పని అయిపోయాక కావాలంటే కొండ అంచున గది తీసుకోండి. బుక్ చేసే ముందు టేబుల్, కుర్చీ, ప్లగ్గు మూడింటి ఫోటోలు వాట్సాప్‌లో అడగండి. కరెంటు పోతే ప్లగ్గులు పనిచేస్తాయా అని అడగండి. "బ్యాకప్ ఉందా" అని అడిగితే అందరూ ఉందనే అంటారు. వేర్వేరు కంపెనీల సిమ్ములు రెండుంచుకోండి.

ఆదివారం తెల్లవారుజామున మావారు వంజంగి కొండకి వెళ్లారు, నేను పడుకున్నాను. మేఘాలు బాగా పరుచుకున్నాయట, జనం మాత్రం జాతరలా ఉన్నారట. మధ్యాహ్నం ఒక చిన్న మెస్‌లో భోజనం 90. ఏజెన్సీలో పండే రాజ్మా గింజలతో కూర చేశారు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొంచెం చింతపండు తప్ప ఇంకేమీ వేసినట్టు లేదు. గింజ పగలకుండా, నోట్లో పెడితే వెన్నలా ఉంది. వడ్డించినావిడ అడక్కుండానే రెండోసారి వేసింది. రాజ్మా కిలో 140కి అక్కడే కొన్నాను.

తిరిగి వచ్చేటప్పుడు పాడేరు ఘాట్ దిగి మాడుగులలో హల్వా కొన్నాం. గోధుమలు నానబెట్టి, పాలు తీసి, నెయ్యితో కట్టెల పొయ్యి మీద చేస్తారు. చోడవరం మీదుగా చీకటి పడేలోపు ఇల్లు చేరాం. పెట్రోలు 2,000కి కొట్టిస్తే ఇంకా మిగిలింది.

రిసార్టు మీద వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. ప్రకటన స్క్రీన్‌షాట్, చేత్తో రాసిన బిల్లు, పోర్టల్‌లో వచ్చిన పేజీ అన్నీ జతచేశాను. మీకూ ఇలా జరిగితే ఆ కాగితం చింపెయ్యకండి, ఫోటో తీసి ఉంచుకోండి. తర్వాత రిసార్టు నుంచి ఫోన్ వచ్చింది. మళ్లీ వస్తే గది మీద 20 శాతం తగ్గిస్తామన్నారు. నాకు గది వద్దు, ఇస్తామన్నవి ఇవ్వలేదు కాబట్టి అద్దెలో సగం, 1,900 వెనక్కి కావాలని చెప్పాను. ఫిర్యాదు ఇంకా నడుస్తోంది.