‘ఈవిల్ డెడ్ 2’ చూడాలా, ‘హౌస్’ చూడాలా?

భయం, నవ్వు, పిచ్చి కలగలిసిన సినిమాల్లో ముందు ఏది చూడాలి? 1987 నాటి ‘ఈవిల్ డెడ్ 2’లో హీరో యాష్ మీద సొంత చెయ్యే తిరగబడుతుంది, మోటారు రంపంతో కోసేసుకుంటాడు. గోడ మీది జింక తల పగలబడి నవ్వుతుంటే తనూ నవ్వుతాడు. ఎంత వెర్రిగా ఉన్నా కథ దారి తప్పదు: బతికి బయటపడాలి, అంతే.

1977 జపాన్ సినిమా ‘హౌస్’కి ఆ దారే లేదు. దర్శకుడు నోబుహికో ఒబయాషి ప్రకటనలు తీసి వచ్చినవాడు; చాలా ఊహలు ఆయన చిన్నారి కూతురివి. అందుకే పియానో ఒక అమ్మాయిని నమిలేస్తుంది, తెగిన తల ఎగిరొచ్చి పిర్ర కొరుకుతుంది. ట్రిక్కులు కావాలనే నకిలీగా కనిపిస్తాయి. జడుసుకోవాలో నవ్వాలో తేల్చుకునేలోపే సీను మారిపోతుంది. ప్రతిదానికీ అర్థం వెతికేవాళ్లు మధ్యలో లేచిపోతారు (వాళ్ల తప్పేం లేదు). కొత్తవాళ్లు యాష్‌తో మొదలుపెట్టడమే నయం. నేను మళ్లీ మళ్లీ చూసేది మాత్రం ‘హౌస్’.